నీడకు నేర్పిన నలభై రోజులు

మొదటి రోజు
ఊపిరి: 61. ఆకలి: లేదు. నిద్ర: లేదు.

ఈ చిట్టా రోజూ రాయాలట. రాయకపోతే చూపు పలక ఆపేస్తానని నర్సు ఉమామణి బెదిరించింది. చూపు పలక అంటే నా మంచానికి ఎదురుగా గోడకున్న అద్దం. అందులో మా ఇల్లు కనిపిస్తుంది, వినిపిస్తుంది. నా మాట మాత్రం అటు పోదు. ఒకే ఇంట్లో ఇద్దరమ్మల గొంతులు వినిపిస్తే పిల్లలు బెంగ పెట్టుకుంటారని రూలు. ఆ రూలు రాసిన మహానుభావుడికి పిల్లలుండి ఉండరు.

పేరు కనకమాలక్ష్మి. పదకొండో తెప్ప. మంచినీళ్ల మిషనులో జల్లెళ్లు గోకే పని. ఎనిమిదేళ్లు గోకాను. ఆ జల్లెళ్లకు పట్టే బూజు చివరికి నా ఊపిరితిత్తులకు పట్టింది. దగ్గులో నల్లచుక్క పడేదాకా ఇది ఎవరికీ అంటదు. పడ్డాక చిన్నపిల్లలకు గాలిలోనే అంటుకుంటుంది, అంటుకుంటే వాళ్లు బతకరు. నిన్న పొద్దున్న నా చేతిగుడ్డలో నల్లచుక్క పడింది. మధ్యాహ్నానికి ఈ గదిలో ఉన్నాను. నలభై రోజులు ఉండాలి.

పైడికి ఆరేళ్లు. సింహాద్రికి మూడు. వాళ్ల నాన్న దాలినాయుడు సముద్రం అడుగున గొట్టాలు వేస్తున్నాడు. కిందికి దిగినవాళ్లు ఆర్నెల్లు నిండనిదే పైకి రాకూడదు, వస్తే ఒళ్లు తట్టుకోదు. ఇంకా నాలుగు నెలలుంది.

పిల్లల దగ్గర ఇప్పుడు నా నీడ ఉంది.

రెండో రోజు
ఊపిరి: 60. ఆకలి: గంజి, సగం గ్లాసు.

పొద్దున్నంతా పలకకే కళ్లప్పగించి కూర్చున్నాను. నీడకు నా పాత ఆకుపచ్చ చీర కట్టారు. సన్నటి ఇనప చట్రం, దూది కుక్కిన చేతులు, మొహం ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డ. నీడకు మొహం గీయకూడదంటారు. సింహాద్రి ఊరుకుంటాడా? బొగ్గు తెచ్చి బొట్టు పెట్టేశాడు.

అది పైడికి జడ వేసింది. కుడివైపు పాయ కాస్త బిగించి లాగుతాను నేను. అదీ అలాగే లాగింది. "అబ్బా, నొప్పే!" అంది పైడి, నాతో అన్నట్టే. సింహాద్రి మొలతాడుకు కట్టిన పొడుగు తాడు కొసను నీడ తన మణికట్టుకు చుట్టుకుంది. మా తెప్పల మీద అయిదేళ్లు నిండేదాకా ఏ పిల్లా తాడు లేకుండా తిరగదు. చుట్టూ నీళ్లే కదా! అయిదు నిండిన రోజున తాడు విప్పి అటుకులూ బెల్లం పంచుతాం. పైడికి నిరుడు విప్పాం. ఆ పూటంతా తెప్ప చుట్టూ పరిగెత్తి, "నాకు తాడు నేదు, నాను పెద్దదాన్ని" అని పక్క తెప్పల వాళ్లందరికీ చెప్పి వచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. అసూయతోనే వచ్చింది, దాచడమెందుకు.

సాయంత్రం పక్క తెప్ప అసిరత్త చేపల పులుసు తెచ్చిచ్చింది. అసిరమ్మ నాకు చుట్టమేమీ కాదు, వరసకు అత్తా అంటాను. గుమ్మంలో నిలబడి నీడ వంక ఎగాదిగా చూసింది. సరిగ్గా అప్పుడే నీడ దగ్గింది.

"ఓలమ్మో! నీడకి కూడా దగ్గేటి?" అంది అసిరత్త.

బూజు లేదు, రొమ్ము లేదు, అయినా దగ్గింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి, మూడుసార్లు. నేను దగ్గినట్టే.

అయిదో రోజు
ఊపిరి: 63.

ఒక సంగతి రాయాలి. ఉమామణి ఈ పేజీలు చదవదు, ఊపిరి అంకె చూసి సంతకం పెట్టి పోతుంది. అందుకే రాస్తున్నాను.

నీడ తయారవ్వాలంటే తల్లి మెడలో తాయెత్తు కట్టుకోవాలి. నలభై రోజులు విప్పకూడదు. తల్లి ఎలా మాట్లాడుతుంది, ఎలా తినిపిస్తుంది, ఎలా విసుక్కుంటుంది, అన్నీ తాయెత్తు నేర్చుకుంటుంది. రోజుకో చుక్క వెలుగుతుంది. నలభై చుక్కలూ వెలిగాయంటే మన నీడ సిద్ధం. బిడ్డ పుట్టిన ఏడాదిలోపే మంచి రోజులు చూసి కట్టుకోవాలని ఆచారం. ఒంట్లో బాగుండాలి, ఇంట్లో నవ్వుండాలి. అసిరత్త కోడలు ఆ నలభై రోజులూ పనికి సెలవు పెట్టి, రోజూ తలంటి పోసుకుని, పిల్లతో పాటలే పాటలు. మేమంతా నవ్వుకున్నాం.

నేను కట్టుకోలేదు. ఇవాళ, రేపు అంటూ ఆరేళ్లు గడిపేశాను. దాలినాయుడు కిందికి దిగిపోయాక రెండు షిఫ్టులు చేశాను. దగ్గు మొదలైంది. మొదటి దగ్గుకే నర్సుకు చెప్పాలి. చెబితే, నీడ లేని ఇల్లు కనుక పిల్లల్ని పిల్లల తెప్పకు తీసుకుపోతారు. అందుకని దగ్గు దాచాను. ఆ రోజే తాయెత్తు కట్టుకున్నాను. నల్లచుక్క పడేలోపు నలభై చుక్కలు వెలిగితే చాలనుకున్నాను. పరుగుపందెంలా పెట్టుకున్నాను. నలభై ఒకటో రోజున నల్లచుక్క పడింది. గెలిచానని మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా.

తాయెత్తు నేర్చుకున్నది ఆ నలభై రోజుల కనకాన్ని.

ఇవాళ సింహాద్రి మంచినీళ్లు అడిగాడు. "ఒక్క నిమిషం అమ్మా, వత్తన్నాను," అంది నీడ. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. వాడు మళ్లీ అడిగాడు. "ఒక్క నిమిషం అమ్మా." చివరికి పైడి బల్లెక్కి కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. చెయ్యి తిరిగిన పనిలా చేసింది.

తొమ్మిదో రోజు
ఊపిరి: 66. ఆకలి: బాగానే ఉంది, అదే చిరాకు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నీడ తన మణికట్టు నుంచి తాడు విప్పింది. పైడిని దగ్గరికి పిలిచి దాని మణికట్టుకు కట్టింది. "మా బంగారు తల్లివి కదా, కాసేపు తమ్ముణ్ని సూడు," అని లోపలికి వెళ్లి చాప మీద పడుకుంది. మూడు గంటలు లేవలేదు.

ఆరేళ్ల పిల్ల చేతికి తాడా! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు! నాకు ఒళ్లు మండిపోయింది. మంచినీళ్లు తెచ్చిన ఉమామణి మీద విరుచుకుపడ్డాను.

"నీడ పాడైపోయింది ఉమామణీ. నేనలా ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసుంటాను. మరీ ఒళ్లు తెలియనప్పుడు. అది రోజూ చేస్తుందేంటి?"

ఉమామణి నా మంచం దుప్పటి సర్దుతూ మామూలుగా చెప్పింది. "ఒకటి రెండుసార్లు సూసింది నీడ సెయ్యదు కనకమ్మా. రోజూ సూసిందే సేస్తాది. అలాగే తయారుసేసినారు దాన్ని. ఏం, ఏటయినాది?"

"ఏం లేదు," అన్నాను.

పదో రోజు
ఊపిరి: 64.

లెక్క వేసుకుంటూ పడుకున్నాను. తాయెత్తు వేసుకున్న మొదటి రోజు పైడి చేతికి తాడు కట్టాను, గుర్తుంది. జ్వరం వచ్చిన రోజు కట్టాను. జల్లెళ్ల షిఫ్టులు రెండూ చేసి వచ్చిన రోజు. వాన పడ్డ రోజు. మిగతావి గుర్తు రావడం లేదు. గుర్తు లేదంటే చెయ్యలేదని కాదు కదా. ఆ మధ్యాహ్నాలన్నీ నేను నిద్రలో ఉన్నాను. నిద్రలో ఉన్నదానికి ఏం గుర్తుంటుంది?

ఆ మూడు గంటలూ ఇంట్లో ఏం జరిగేదో ఇప్పుడు పలకలో చూస్తున్నాను. దాక్కుని సొంత ఇంట్లోకి తొంగిచూస్తున్న దొంగలా ఉంది నా బతుకు.

పద్నాలుగో రోజు
ఊపిరి: 69.

పైడి మధ్యాహ్నం ఏం చేస్తుందో రాసిపెడుతున్నాను, రేపు నాకు నేనే అబద్ధం చెప్పుకోకుండా.

తమ్ముడి మూతి తుడుస్తుంది. వాడు చీమిడి చీదితే తన గౌనుకే తుడుచుకుంటుంది. వాడు నవ్వితే "ష్, అమ్మ తొంగుంది" అని నోరు మూస్తుంది. వాడికి నిద్రొస్తే ఒళ్లో వేసుకుని జో కొడుతుంది, వాడు దానిలో సగం ఉంటాడు. పక్క తెప్ప పిల్లలు గవ్వలాటకు పిలిస్తే చెయ్యెత్తి తాడు చూపిస్తుంది, అంతే, వాళ్లు వెళ్లిపోతారు. ఒక్కోసారి లోపలికి వెళ్లి నీడ ముక్కు ఉండాల్సిన చోట వేలు పెట్టి చూస్తుంది. ఊపిరి ఆడుతోందా అని.

నీడకు ఊపిరి ఉండదు. ఆ అలవాటు పిల్లకు నా ముక్కు దగ్గర అయింది.

ఇవన్నీ నా ఇంట్లో జరిగాయి. నేను లేచేసరికి పైడి నవ్వుతూ ఎదురొచ్చేది. నెట్టుకొచ్చేస్తున్నాను, బాగానే నెట్టుకొస్తున్నాను అని నా భుజం నేనే తట్టుకున్నాను ఆ నలభై రోజులూ. ఛీ.

పదహారో రోజు
ఊపిరి: 71.

ఉమామణిని తిప్పి తిప్పి అడిగాను. ఒంట్లో బాగోలేనప్పుడు తాయెత్తు నింపిన తల్లులు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఏం చేస్తారు అని. నాకోసం కాదు, తెలిసినావిడ కోసం అన్నాను. ఆ తెలిసినావిడ ఎవరో కనిపెట్టలేనంత తెలివితక్కువదేం కాదు ఉమామణి. కానీ అడగలేదు.

"నీడని తీసేస్తారు. పిల్లల్ని పిల్లల తెప్పకి పంపుతారు. తల్లికి నయమయినా సరే, ఏడాది దాకా ఇవ్వరు. వారానికో మజ్జాన్నం సూసిరావొచ్చు."

ఏడాది! ఏడాదికి సింహాద్రికి నా మొహం గుర్తుంటుందా? ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉంది. పైడి చూసుకుంటోంది కదా. ఇన్నాళ్లూ చూసుకుంది కదా.

ఈ మాట రాసి, చదువుకుని, కొట్టెయ్యాలనుకున్నాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

పంతొమ్మిదో రోజు

ఊపిరి అంకె ఉమామణి రాసుకుంటుంది. నేను ముందు ఇది రాయాలి.

రెండు దాటింది. నీడ మామూలుగానే తాడు పైడి చేతికి కట్టి లోపల పడుకుంది. పైడి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పొద్దున్నే లేచి అంబలి కాచింది, నీడ పొయ్యి దగ్గర నిలబడి దగ్గుతూ ఉంటే. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. నేను పలక ముందు నిలబడి "పైడీ, తొంగోకే, తొంగోకే తల్లీ" అంటూనే ఉన్నాను. వినపడదని తెలుసు. తల పక్కకు వాలిపోయింది.

సింహాద్రి పడవ కట్టే వైపు వెళ్లాడు. అక్కడ గట్టు ఉండదు. నీళ్లలో ఏదో మెరిస్తే వంగి చూశాడు. మరుక్షణం అక్కడ వాడు లేడు.

తాడు బిగిసింది. నిద్రలో ఉన్న పైడిని బోర్లా పడేసి అంచు దాకా ఈడ్చుకుపోయింది. పిల్ల పడవ కట్టే గుంజకు కాళ్లు మెలేసి ఆగింది. చెయ్యి నీళ్లవైపు సాగిపోయి ఉంది. "అమ్మా! అమ్మా!" అని అరిచింది.

లోపల్నుంచి నా గొంతు వినిపించింది. "ఒక్క నిమిషం అమ్మా, వత్తన్నాను."

"అమ్మా! తమ్ముడు నీళ్లలో పడిపోనాడే!"

"ఒక్క నిమిషం అమ్మా."

నీడ లేవలేదు. దానికి పిల్లల కేక అంటే ఏంటో తెలియదు. ఆ నలభై రోజుల్లో పిల్లలు కేకలు వెయ్యలేదు. అమ్మకు తలనొప్పని పైడి వెయ్యనివ్వలేదు.

నేను పలకను గుద్దాను. తలుపు గుద్దాను. అసిరత్త పేరు పెట్టి గొంతు చిరిగేలా అరిచాను. అసిరత్తకు నా అరుపు వినపడలేదు, పైడి అరుపు వినపడింది. చేతిలో వల అక్కడే పడేసి నీళ్లలోకి దూకింది. అరవై ఏళ్ల మనిషి. వాణ్ని భుజాన వేసుకుని పైకెక్కి, కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరిచింది. నీళ్లు కక్కాడు. ఏడ్చాడు. వాడి ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

పైడి మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయింది. అసిరత్త తాడు విప్పబోతే విప్పనివ్వలేదు. తమ్ముణ్ని ఒళ్లోకి లాక్కుని, "నా తప్పే అత్తమ్మా, నాను తొంగుండిపోనాను. అమ్మకి సెప్పొద్దు. అమ్మకి ఒంట్లో బాగోనేదు," అంది.

అప్పుడు నీడ బయటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ముగ్గురినీ చూసి, చెంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఇరవయ్యో రోజు
ఊపిరి: 70.

ఉమామణికి అంతా చెప్పాను. దగ్గు దాచిన సంగతి, పందెం పెట్టుకున్న సంగతి, తాడు సంగతి. ఈ పుస్తకం కూడా ఆమె చేతికే ఇచ్చి చదవమన్నాను. చదివింది. నా పక్కన మంచం మీద కూర్చుంది. కూర్చోకూడదు, రూలు.

"నాను రాసి పంపితే ఏడాది పోతాది కనకమ్మా."

"తెలుసు."

"పంపీమంటావా?"

"ఈ పూటే పంపు," అన్నాను. "మధ్యాహ్నం కాకముందే."

పదకొండు గంటలకు పడవ వచ్చింది. పైడి తనంతట తానే తమ్ముడి గుడ్డలు మూట కట్టింది. ఎక్కేముందు లోపలికి పోయి, నీడ చెంగు సరిచేసి, "నీళ్లు బల్ల మీద పెట్టినాను, తాగు," అని చెప్పి వచ్చింది.

పలక ఆపెయ్యమని నేనే అడిగాను.

నలభయ్యో రోజు
ఊపిరి: 94. ఆకలి, నిద్ర: మనిషిలాగే.

ఇంటికి వచ్చాను. నీడను తీసుకుపోవడానికి రేపు వస్తారట, ఇన్నాళ్లూ వీలు పడలేదట. మూలన, గోడకు ఆనుకుని ఉంది. నా అడుగుల చప్పుడుకు, "ఒక్క నిమిషం అమ్మా, వత్తన్నాను," అంది. బొగ్గు బొట్టు సగం చెరిగిపోయింది. ఇరవై రోజులు ఈ ఖాళీ ఇంట్లో ఇది ప్రతి మధ్యాహ్నం తాడు కట్టడానికి పైడి కోసం వెతికిందని అసిరత్త చెప్పింది. పేరు పెట్టి పిలిచేదట. వినలేక కిటికీ మూసుకునేదట ముసలిది.

నాకు దాని మీద కోపం రాలేదు. భయం వేసింది. తర్వాత జాలేసింది. అంత అలసిపోయిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు, ఆ నలభై రోజులూ అద్దంలో కూడా. నా చీర విప్పి తీసుకున్నాను. చట్రం దాకా వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక, చాప పరిచి పడుకోబెట్టాను.

పుస్తకం ఇక రాయక్కర్లేదన్నారు. ఒక్క పేజీ మిగిలింది, ఉంచుకుంటాను.

నలభై నాలుగో రోజు, పిల్లల తెప్ప

చూసిరావడానికి మొదటి మధ్యాహ్నం ఇవాళ. పన్నెండు నుంచి నాలుగు దాకా.

సింహాద్రి నన్ను చూసి లేచాడు కానీ రాలేదు. పైడి వంక చూసి, "అప్పా, అమ్మ కాడికి ఎల్లనా?" అని అడిగాడు. పైడి తలూపితే అప్పుడు వచ్చాడు. పిల్లల తెప్ప చుట్టూ ఎత్తు గట్టు ఉంది, ఇక్కడ ఎవరికీ తాడు అక్కర్లేదు. అయినా వాడి మొలకు తాడుంది. కొస పైడి చేతికుంది. పుండు మానలేదని, ఎడమ చేతికి మార్చుకుంది. విప్పబోతే కొరుకుతోందని అక్కడి ఆయా చెప్పింది.

పైడి దగ్గుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి, మూడుసార్లు. ఆయాను పట్టుకుని అడిగాను. పరీక్షలన్నీ చేశారట. బూజు లేదు, రోగం లేదు, అలవాటట.

దాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. పైడే అడిగింది.

"నాను తొంగుండిపోనానని మమ్మల్ని పంపీసినారా?"

"కాదమ్మా. నేను పడుకున్నానని."

నమ్మలేదు. నా మొహం వంకే చూసింది.

"నీకు ఒంట్లో బాగోనేదు కదా," అంది.

"బాగోలేదు. అయినా నీ చేతికి తాడు కట్టకూడదు. అత్తను పిలవాలి. నర్సును పిలవాలి. ఎవరో ఒకరిని పిలవాలి. నేను పిలవలేదు. తప్పు నాది పైడీ. నీది కాదు. నువ్వు తమ్ముణ్ని బతికించావు."

"నువ్వు ఇప్పుడు తొంగోవా?"

"తొంగోను."

"ఒక్క నిమిషం కూడా?"

"ఒక్క నిమిషం కూడా."

ఆలోచించింది. మెల్లగా ఎడమ చెయ్యి చాపింది. ముడి విప్పి తాడు కొస నా కుడి మణికట్టుకు కట్టుకున్నాను. సింహాద్రి అప్పటికే నా ఒళ్లో నిద్రపోయాడు. పైడి ఖాళీ అయిన తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఇక గవ్వలాటకు పరిగెత్తుతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు. గొంతు బాగా తగ్గించి, చుట్టుపక్కల పిల్లలెవరూ వినకుండా అడిగింది.

"అమ్మా, నన్ను కూడా కట్టవా?"

తాడు విప్పిన రోజున తెప్పంతా చాటింపు వేసుకున్న పిల్ల! తాడు పొడుగ్గానే ఉంది. నా మణికట్టు దగ్గర మిగిలిన కొస దాని నడుముకు కట్టాను. నా తొడ మీద తల పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఇప్పుడు టైము మూడు కావస్తోంది. ఎడమ చేత్తో రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. నాలుగింటికి గంట కొడితే రెండు ముళ్లూ నేనే విప్పాలి. పైడి నిద్రపోయింది. అయినా ఉండుండి నిద్రలోనే తాడు లాగి చూస్తోంది. లాగినప్పుడల్లా నేనూ తిరిగి ఒకసారి లాగుతున్నాను.